గేట్ డ్రైవర్ చిప్‌కి పిన్ షార్ట్ పరీక్ష: ఏ రెండు పిన్‌లు కలిస్తే ఏది కాలుతుంది, ఎందుకు

గేట్ డ్రైవర్ అంటే మైక్రోకంట్రోలర్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ని తీసుకుని, మోటారు కరెంటుని తెరిచి మూసే మాస్‌ఫెట్‌ల (ట్రాన్సిస్టర్ స్విచ్‌ల) గేట్లని నడిపే చిప్. అది తరచూ వచ్చే ఎస్‌ఓ-8 ప్యాకేజీలో, అంటే ఎనిమిది పిన్‌ల చిన్న చిప్‌లో, పక్కపక్క పిన్‌ల దూరం 1.27 మిల్లీమీటర్లు. పిన్ వెడల్పు తీసేస్తే మధ్యలో మిగిలే ఖాళీ సుమారు 0.8 మిల్లీమీటర్లే. ఒక సోల్డర్ బొట్టు, తెగిన రాగి పోగు, వానాకాలం తేమ పట్టిన దుమ్ము, వీటిలో ఏదైనా ఆ ఖాళీని పూడ్చేయగలదు. బోర్డు బయటికి వెళ్లాక అలా జరిగితే ఏమవుతుందో ముందే తెలుసుకోవడానికి, ఆ పిన్‌లని మనమే కావాలని కలిపి చూస్తాం. ఐఈసీ 62368-1 లాంటి భద్రతా ప్రమాణాలు ఒక్క లోపం వచ్చినప్పుడు పరికరం ప్రమాదకరంగా మారకూడదని అడిగేది ఈ విషయమే. ఆటోమొబైల్ వాళ్ల ఏఈసీ-క్యూ100-012 వేరు. అది 12 వోల్టుల స్మార్ట్ పవర్ స్విచ్‌లు లోడ్ షార్ట్‌ని పదేపదే ఎంతవరకు తట్టుకుంటాయో చూసే పరీక్ష. ఈ రెండింటినీ కలపకండి.

పాస్ అంటే చిప్ బతకడం అనుకుంటే పరీక్ష మొత్తం తప్పుదారి పడుతుంది. చిప్ చచ్చినా పర్వాలేదు. మంట రాకూడదు, బోర్డు మాడి బొగ్గు కాకూడదు, మోటారు తనంతట తాను పూర్తి వేగంతో తిరగకూడదు, లోపం పక్క సర్క్యూట్‌కి పాకకూడదు. షార్ట్ తీసేయగానే చిప్ మళ్లీ పనిచేస్తే అది అదనపు లాభం.

ఏ జతని షార్ట్ చేసే ముందైనా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ షార్ట్‌లోకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? చిన్న కెపాసిటర్ నుంచా, 12 వోల్టుల సప్లై నుంచా, పవర్ బస్ (మోటారుని నడిపే ప్రధాన సప్లై లైను) నుంచా? ఒకే చిప్, ఒకే రకం షార్ట్ అయినా కరెంటు వచ్చే చోటును బట్టి ఒకసారి గోరువెచ్చగా, ఇంకోసారి పొగలు కక్కుతూ కనిపిస్తుంది. కింది లెక్కలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణకి తీసుకున్న బోర్డు

చిప్ ఐఆర్2104, ఎస్‌ఓ-8. పిన్‌లు వరసగా 1 వీసీసీ (చిప్ పవర్), 2 ఐఎన్ (ఇన్‌పుట్), 3 ఎస్‌డీ (షట్‌డౌన్), 4 కామ్ (గ్రౌండ్), 5 ఎల్‌ఓ (కింది మాస్‌ఫెట్ గేటుకి), 6 వీఎస్ (రెండు మాస్‌ఫెట్‌లు కలిసే చోటు), 7 హెచ్‌ఓ (పై మాస్‌ఫెట్ గేటుకి), 8 వీబీ (హెచ్‌ఓకి పవర్). ఐఎన్ హై అయితే హెచ్‌ఓ ఆన్, లో అయితే ఎల్‌ఓ ఆన్. ఎస్‌డీ లో అయితే రెండూ ఆఫ్. డెడ్ టైమ్, అంటే ఒకటి ఆగి ఇంకోటి ఆన్ అయ్యే ముందు రెండూ ఆఫ్‌లో ఉండే విరామం, సాధారణంగా 520 నానోసెకన్లు. అవుట్‌పుట్‌ని షార్ట్ చేస్తే ఇచ్చే కరెంటు సుమారు 210 మిల్లీఆంప్‌లు, లాక్కునేది సుమారు 360. డేటాషీట్ ఈ అంకెలని 10 మైక్రోసెకన్ల పల్సుకే చెబుతుంది, నిరంతరానికి కాదు. వీసీసీ 8.2 వోల్టుల కిందికి పడితే చిప్ అవుట్‌పుట్‌లు ఆపేస్తుంది, 8.9 దాటితే మళ్లీ మొదలెడుతుంది.

బస్ 24 వోల్టులు, దాని మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. మాస్‌ఫెట్‌లు రెండు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్, గేటు దారిలో 22 ఓమ్‌లు. బస్‌కీ వీఎస్‌కీ మధ్యది హై-సైడ్, వీఎస్‌కీ గ్రౌండ్‌కీ మధ్యది లో-సైడ్, రెండూ కలిపి ఒక హాఫ్-బ్రిడ్జ్. బూట్‌స్ట్రాప్‌కి (వీఎస్ కింద ఉన్నప్పుడు 12 వోల్టుల నుంచి నిండి, హై-సైడ్ గేటుకి పవర్ ఇచ్చే ఏర్పాటు) యూఎఫ్4007 డయోడ్, వీబీకీ వీఎస్‌కీ మధ్య 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్. 7812 రెగ్యులేటర్ చిప్ నుంచి 12 వోల్టులు. 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ నుంచి 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (మోటారు వేగాన్ని మార్చే ఆన్-ఆఫ్ పల్సులు; ఒక్కో సైకిల్‌లో ఆన్‌లో ఉండే భాగమే డ్యూటీ). మోటారు వీఎస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య.

బెంచ్ మీద ఏర్పాటు

ట్వీజర్‌తో పిన్‌లని కలిపి పట్టుకోవడం పరీక్ష కాదు. చెయ్యి కదిలినప్పుడల్లా కాంటాక్ట్ తెగి అతుకుతుంది, ప్రతిసారీ వేరే ఫలితం వస్తుంది. షార్ట్ రెండు రకాలుగా చేయాలి. మొదటిది, పవర్ లేనప్పుడే 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ పోగుని రెండు పిన్‌ల మీద అడ్డంగా సోల్డర్ చేసి, ఆ తర్వాత పవర్ ఇవ్వడం. రెండోది, బోర్డు మామూలుగా నడుస్తుండగా రిలేతో షార్ట్ చేయడం. రిలే కాయిల్‌కి విడి సప్లై ఇవ్వండి, కాంటాక్ట్ నుంచి పిన్ దాకా తీగలు 3 సెంటీమీటర్లు మించనివ్వకండి, మెలిపెట్టండి. తీగ సెంటీమీటర్‌కి సుమారు 10 నానోహెన్రీలు కలుపుతుంది. గేటు పిన్‌ల దగ్గర పొడవాటి తీగ ఉంటే మీరు కొలిచేది షార్ట్‌ని కాదు, ఆ తీగ ఊగిసలాటని. రెండు పద్ధతుల ఫలితాలూ తరచూ వేరుగా వస్తాయి కాబట్టి ఏదీ వదలొద్దు.

పవర్ సప్లై విషయంలో చాలామంది పొరబడతారు. బెంచ్ సప్లైలో కరెంటు లిమిట్ 0.5 ఆంపియర్‌కి పెట్టి, ఏమీ కాలలేదు కాబట్టి పాస్ అని రాసేస్తారు. అక్కడ కాపాడింది మీ బోర్డు కాదు, బెంచ్ సప్లై. లిమిట్ పెట్టిన మొదటి విడత నేర్చుకోవడానికి మాత్రమే. రాతలోకి ఎక్కాల్సింది రెండో విడత: అసలు ఉత్పత్తిలో వాడే అడాప్టర్ లేదా బ్యాటరీ, అసలు ఫ్యూజ్, అసలు బస్ కెపాసిటర్. కరెంటు లిమిట్ ఉన్నా కెపాసిటర్‌లోని శక్తిని అది ఆపలేదని కూడా గుర్తుంచుకోండి. 1000 మైక్రోఫారడ్, 24 వోల్టులు అంటే 0.29 జౌళ్లు. ఒక మాస్‌ఫెట్‌ని చంపడానికి అది సరిపోవచ్చు. అదే 230 వోల్టుల మెయిన్స్‌ని రెక్టిఫై చేసిన 325 వోల్టుల బస్ మీద 100 మైక్రోఫారడ్ ఉంటే 5.3 జౌళ్లు. ఆ స్థాయి బోర్డుతో మొదలుపెట్టకండి, ముందు 24 వోల్టుల దాని మీద చెయ్యి తిరగనివ్వండి.

కొలవాల్సినవి మూడు. వీసీసీ దారిలో 1 ఓమ్ షంట్ (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న రెసిస్టర్) పెడితే ప్రతి మిల్లీఆంప్‌కి 1 మిల్లీవోల్ట్ కనిపిస్తుంది. చిప్ మీద సన్నటి కే-టైప్ థర్మోకపుల్‌ని వేడికి తట్టుకునే టేపుతో అంటించండి. హెచ్‌ఓని వీఎస్‌తో పోల్చి చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ని వీఎస్‌కి తగిలిస్తే స్కోప్ ఎర్త్ ద్వారా ఇంకో షార్ట్ పడుతుంది, అది మీ జాబితాలో లేనిది. బోర్డు మీద యాక్రిలిక్ షీటు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. మాస్‌ఫెట్ పగిలితే ప్లాస్టిక్ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. బస్ కెపాసిటర్‌కి 1 కిలోఓమ్, 1 వాట్ రెసిస్టర్ అడ్డంగా ఉంచితే ఆపిన 5 సెకన్లలో ఖాళీ అవుతుంది. బోర్డు చుట్టూ పలుచటి నూలు గుడ్డ కప్పండి. అది కమిలితే ఫెయిల్.

ఒక్కో షార్ట్‌కి కొత్త చిప్. పక్కపక్క జతలు ఆరు, రెండు పద్ధతులు, అంటే పన్నెండు. పొరపాట్లకి కలిపి కనీసం 15 చిప్‌లు, అంతకి రెట్టింపు మాస్‌ఫెట్‌లు చేతిలో ఉంచుకోండి. మెత్తటి వాటితో మొదలుపెట్టి ప్రమాదకరమైన వాటిని చివరికి పెట్టండి: 3-4, 2-3, 1-2, 6-7, 7-8, 5-6.

లాజిక్ వైపు జతలు

3-4 తేలిక. ఎస్‌డీ గ్రౌండ్‌కి వెళ్లి రెండు అవుట్‌పుట్‌లూ ఆగిపోతాయి, మోటారు ఉన్న ఊపుతో కాసేపు తిరిగి ఆగుతుంది. మైక్రోకంట్రోలర్ పిన్ నేరుగా ఎస్‌డీకి కట్టి ఉంటే ఆ పిన్ షార్ట్ కరెంటు మోస్తుంది, అదొక్కటే చూడాలి.

2-3 కనిపించకుండా కాల్చే జత. ఎస్‌డీని పుల్-అప్ రెసిస్టర్‌తో మాత్రమే పైకి పెట్టి ఉంటే, ఐఎన్ దాన్ని తనతో లాక్కెళ్తుంది. ఐఎన్ హై అయితే హెచ్‌ఓ ఆన్. లో అయితే ఎస్‌డీ కూడా లో, అంటే ఎల్‌ఓ ఎప్పటికీ ఆన్ కాదు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే కరెంటు లో-సైడ్ మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా తిరిగొస్తుంది. బూట్‌స్ట్రాప్ కూడా ఆ సమయంలోనే నిండుతుంది. 5 ఆంపియర్లకి, సగం డ్యూటీకి, మామూలుగా లో-సైడ్‌లో 0.2 వాట్లు పోతాయి. ఇప్పుడు డయోడ్ మీద 0.8 వోల్టుల చొప్పున 2 వాట్లు. హీట్‌సింక్ లేని టీఓ-220కి (ఈ మాస్‌ఫెట్ ప్యాకేజీ) వాట్‌కి 62 డిగ్రీలు, అంటే పరిసరాల కంటే 120 డిగ్రీల పైన. బోర్డు పనిచేస్తోంది కదా అని పాస్ రాయొద్దు. ఉష్ణోగ్రత నిలకడగా, పది నిమిషాల్లో 1 డిగ్రీకి మించి పెరగని స్థితి వచ్చేదాకా నడపండి.

ఐఎన్, ఎస్‌డీ రెండూ మైక్రోకంట్రోలర్ పిన్‌ల నుంచే వస్తుంటే ఆ రెండు పిన్‌లు పోట్లాడుకుంటాయి. వోల్టేజీ 1.65 దగ్గర ఆగుతుంది. చిప్ లెక్కలో 0.8 కింద లో, 3 పైన హై. మధ్యలో ఏమవుతుందో ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ జతని కనీసం మూడు చిప్‌ల మీద చూడండి.

1-2లో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది మైక్రోకంట్రోలర్‌కి. 12 వోల్టులు నేరుగా 3.3 వోల్టుల పిన్‌లోకి వస్తాయి. అక్కడి నుంచి లోపలి డయోడ్ ద్వారా 3.3 వోల్టుల రైలు (సప్లై లైను) పైకి లేస్తుంది, దాని మీదున్నవన్నీ పోతాయి. ఐఎన్ దారిలో 2.2 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటే వచ్చే కరెంటు 4 మిల్లీఆంప్‌లకి పరిమితం. రైలు మీద అంతకంటే ఎక్కువ లోడ్ ఉంటే వోల్టేజీ లేవదు. సిగ్నల్ ఆలస్యం కొన్ని పదుల నానోసెకన్లే, 20 కిలోహెర్ట్జ్‌కి అది లెక్కలోకి రాదు.

రెండోది హై-సైడ్ మాస్‌ఫెట్‌కి. ఐఎన్ ఎప్పుడూ హై, హెచ్‌ఓ ఎప్పుడూ ఆన్, ఎల్‌ఓ ఆన్ కాదు కాబట్టి బూట్‌స్ట్రాప్ మళ్లీ నిండదు. లోపలి వాడకం 55 మైక్రోఆంప్‌ల దాకా ఉండొచ్చు. ఆ లెక్కన 0.22 మైక్రోఫారడ్ 11 వోల్టుల నుంచి 5కి దిగడానికి 24 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తర్వాత మాస్‌ఫెట్ పూర్తిగా ఆఫ్ అవుతుందనుకుంటారు. అవదు. గేటు బలహీనపడితే వీఎస్ కిందికి జారుతుంది. అది బాగా దిగగానే డయోడ్ మళ్లీ కండక్ట్ చేసి బూట్‌స్ట్రాప్‌కి చార్జ్ అందిస్తుంది. ఈ రెండూ ఒక చోట తూగి ఆగుతాయి: వీబీ సుమారు 11.3 వోల్టులు, మాస్‌ఫెట్‌కి కావాల్సిన 4 వోల్టులు తీసేస్తే వీఎస్ 7 వోల్టుల చుట్టుపక్కల. మోటారు నెమ్మదిగా తిరుగుతూ 3 ఆంపియర్లు లాగితే, మాస్‌ఫెట్ మీద మిగిలిన 17 వోల్టులు పడి 51 వాట్లు కాలుతుంది. హీట్‌సింక్ లేకపోతే సెకన్లలో ముగుస్తుంది. ఈ మొత్తంలో డ్రైవర్ చిప్ చల్లగానే ఉంటుంది. థర్మోకపుల్‌ని చిప్ మీద ఒక్కటే పెడితే అసలు సంగతి తెలియదు.

వీబీ వైపు కూడా అండర్ వోల్టేజ్ లాకౌట్ (వోల్టేజీ తగ్గితే అవుట్‌పుట్ ఆపేసే ఏర్పాటు) ఉన్న డ్రైవర్ అయితే ఈ కథ 24 మిల్లీసెకన్ల కంటే ముందే ఆగిపోతుంది. ఐఆర్2110లో రెండు వైపులా లాకౌట్ ఉంది. చిన్న, చవక డ్రైవర్లలో చాలావాటికి వీసీసీ వైపే ఉంటుంది. కొనేముందు డేటాషీట్‌లో ఈ ఒక్క వరస చూడండి.

6-7: చిప్ బతుకుతుందా లేదా చెప్పేది కెపాసిటర్

హెచ్‌ఓ, వీఎస్ కలిస్తే హై-సైడ్ ఆన్ కాదు. చిప్ మాత్రం ప్రతి సైకిల్‌లో 210 మిల్లీఆంప్‌లు షార్ట్‌లోకి పోస్తుంది, మోటారు తిరుగుతూ వీఎస్‌ని పైకి పట్టి ఉంచినంతసేపు ఆ కరెంటు బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ నుంచే వస్తుంది (మోటారు ఆగి వీఎస్ గ్రౌండ్ దగ్గరే ఉండిపోతే డయోడ్ గుండా 7812 కూడా పోస్తుంది, అప్పుడు వేడి కింది లెక్క కంటే ఎక్కువ). 0.22 మైక్రోఫారడ్ అయితే మైక్రోసెకనుకి దాదాపు 1 వోల్ట్ చొప్పున దిగి, 12 మైక్రోసెకన్ల చుట్టుపక్కల ఖాళీ అయిపోతుంది. సగం డ్యూటీకి ఆన్ టైమ్ 25 మైక్రోసెకన్లు. మిగతా సగం చిప్‌కి విశ్రాంతి. ఒక్క సైకిల్‌లో చిప్‌లో పోయే శక్తి 13 మైక్రోజౌళ్లు, 20 కిలోహెర్ట్జ్‌కి 0.27 వాట్లు. ఎస్‌ఓ-8కి వాట్‌కి 200 డిగ్రీలు, అంటే 54 డిగ్రీలు పెరుగుతుంది. వేడెక్కుతుంది, చావదు. షార్ట్ తీస్తే మళ్లీ పనిచేయాలి.

ఇప్పుడు అదే బోర్డులో తక్కువ వేగంలో బాగుంటుందని ఎవరైనా 10 మైక్రోఫారడ్ పెట్టారనుకోండి. 25 మైక్రోసెకన్లలో అది దిగేది అర వోల్టే. చిప్ పూర్తి 11 వోల్టుల మీద, సగం సమయం, 210 మిల్లీఆంప్‌లు పోస్తూనే ఉంటుంది: 1.15 వాట్లు. ఈ ప్యాకేజీకి డేటాషీట్ ఇచ్చే హద్దు 0.625 వాట్లు. లెక్క ప్రకారం 230 డిగ్రీలు పెరగాలి. వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది, బోర్డు రాగి కొంత వేడిని లాగుతుంది, అయినా 150 డిగ్రీల జంక్షన్ (చిప్ లోపలి సిలికాన్) హద్దు దాటేస్తుంది. డిజైన్ ఫైల్‌లో బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ విలువ మారిన ప్రతిసారీ 6-7 పరీక్ష మళ్లీ చేయాలి.

ఇదే లెక్క ఎల్‌ఓ, కామ్ కలిసినప్పుడు మరీ ఘోరంగా ఉంటుంది. 4, 5 ఎదురెదురు పిన్‌లు కాబట్టి పక్కపక్క జతల్లో రాదు. కానీ ఎల్‌ఓ ట్రాక్ పక్కనే గ్రౌండ్ రాగి పరిచి ఉంటే అది జరగగల షార్టే, జాబితాలో చేర్చండి. ఇక్కడ కరెంటు కెపాసిటర్ నుంచి కాదు, 7812 నుంచి వస్తుంది, దానికి అలసట లేదు. 12 వోల్టులు, 210 మిల్లీఆంప్‌లు, సగం సమయం: 1.26 వాట్లు. చిప్ పోతుంది.

దీనికి మందు ఒక్క 100 ఓమ్ రెసిస్టర్. 7812 నుంచి వచ్చే దారిలో పెట్టండి, వీసీసీ పిన్, దాని 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, బూట్‌స్ట్రాప్ డయోడ్ మూడూ దాని తర్వాతే ఉండాలి. మామూలు నడకలో చిప్, రెండు గేట్లు కలిపి 3 మిల్లీఆంప్‌ల లోపే, 0.3 వోల్టులే నష్టం. షార్ట్ వచ్చినప్పుడు వీసీసీ 8.2కి పడుతుంది, చిప్ ఆగుతుంది, 8.9కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. స్కోప్ మీద రంపపు పళ్లలా కనిపిస్తుంది. సగటు కరెంటు 35 మిల్లీఆంప్‌లు, చిప్‌లో 0.3 వాట్లు, 60 డిగ్రీలు. రెసిస్టర్‌లో 0.12 వాట్లు పోతాయి కాబట్టి 0805 సైజు అంచున నిలబడుతుంది, 1206 పెట్టండి. వీసీసీయే గ్రౌండ్‌కి షార్ట్ అయితే రెసిస్టర్ మీద 1.44 వాట్లు పడతాయి. మామూలుది ఎర్రబడి బోర్డుని కాలుస్తుంది. అందుకే ఫ్యూజిబుల్ రకం కావాలి, అది నిశ్శబ్దంగా తెగిపోతుంది.

7-8, 5-6: బస్ నుంచి కరెంటు వచ్చే జతలు

7-8లో హెచ్‌ఓ వీబీకి అతుక్కుంటుంది. హై-సైడ్ గేటు ఎప్పుడూ పైనే. దాన్ని కిందికి లాగాలని చిప్ 360 మిల్లీఆంప్‌లతో బూట్‌స్ట్రాప్‌నే ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. డెడ్ టైమ్ 520 నానోసెకన్లలో అది దిగేది 0.85 వోల్టులే. హై-సైడ్ ఇంకా పూర్తిగా ఆన్‌లో ఉండగానే ఎల్‌ఓ లేస్తుంది. 24 వోల్టుల బస్ రెండు మాస్‌ఫెట్‌ల గుండా గ్రౌండ్‌కి నేరుగా. 0.22 మైక్రోఫారడ్ 4 వోల్టులకి దిగడానికి 4 మైక్రోసెకన్లకి పైగా పడుతుంది, అంతసేపూ అది సాగుతుంది. ఒకసారి తట్టుకున్నా సెకనుకి 20 వేల సార్లు తట్టుకోలేవు. ఫ్యూజ్ తెగడానికి మిల్లీసెకన్లు కావాలి, పైగా బస్ కెపాసిటర్ ఫ్యూజ్‌కి ఇవతల ఉంది. మాస్‌ఫెట్ ముందు పోయి, ఫ్యూజ్ తర్వాత తెగి, మంటని ఆపుతుంది. ఫ్యూజ్ పని అంతవరకే.

5-6లో లో-సైడ్ గేటు, డ్రెయిన్ 22 ఓమ్‌ల మీదుగా ఒకటైపోతాయి. హెచ్‌ఓ ఆన్ కాగానే వీఎస్ పైకి లేస్తుంది, దాంతోపాటే లో-సైడ్ గేటు లేచి, అది కూడా ఆన్. మళ్లీ బస్ షార్ట్. ఇందులో రెండో అంకం ఉంది. లో-సైడ్ పగిలి ఓపెన్ అయితే వీఎస్ 24 వోల్టులకి వెళ్తుంది. ఎల్‌ఓ లోపలి ట్రాన్సిస్టర్ డయోడ్ గుండా ఆ 24 వోల్టులు వీసీసీ మీద పడతాయి. 7812 కరెంటు ఇవ్వగలదే గానీ లాక్కోలేదు, కాబట్టి 12 వోల్టుల రైలు మొత్తం 23కి లేస్తుంది. మాస్‌ఫెట్ గేటు హద్దు 20. పక్కనున్న రెండో హాఫ్-బ్రిడ్జ్ కూడా ఇలాగే పోతుంది. వీసీసీ పిన్ దగ్గర 15 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటనివ్వని డయోడ్) పెట్టి, 12 వోల్టుల వైపు 100 ఓమ్‌లు ఉంటే ఈ పాకుడు ఆ ఒక్క చిప్ దగ్గరే ఆగుతుంది.

ఈ రెండు జతలకీ నిజమైన కాపుదల గ్రౌండ్ దారిలో 10 మిల్లీఓమ్ షంట్, దాని వోల్టేజీ హద్దు దాటితే చెప్పే కంపారేటర్, ఆ సంకేతాన్ని పట్టి ఉంచే లాచ్, అక్కడి నుంచి ఎస్‌డీకి. 30 ఆంపియర్లకి 0.3 వోల్టులు. కంపారేటర్ చిప్ ఎల్‌ఎం393 స్పందించడానికి ఒక మైక్రోసెకనుకి పైగా, ఎస్‌డీ నుంచి అవుట్‌పుట్ ఆగడానికి సుమారు 160 నానోసెకన్లు. 7-8లో హెచ్‌ఓ చేతికి రాదు, కానీ ఎల్‌ఓ ఆరోగ్యంగా ఉంది, అది ఆగితే దారి తెగుతుంది. 5-6లో ఎల్‌ఓ చేతికి రాదు, హెచ్‌ఓ ఆగి దారి తెంపుతుంది. లాచ్ లేకపోతే తర్వాతి సైకిల్‌లోనే మళ్లీ మొదలవుతుంది. లాచ్‌ని విడిపించే పని పవర్ తీసి పెట్టడానికే వదిలేయండి, ఫర్మ్‌వేర్ చేతికి ఇవ్వొద్దు. కంపారేటర్ ముందు పెట్టే ఫిల్టర్ 200 నానోసెకన్లు దాటితే ఈ లాభమంతా కరిగిపోతుంది.

షార్ట్ తీశాక

బతికిందని రాసే ముందు చిప్‌ని తనిఖీ చేయండి. పరీక్షకి ముందు కొలిచిపెట్టుకున్న నాలుగు అంకెలు, అంటే పీడబ్ల్యూఎం లేనప్పుడు వీసీసీ కరెంటు, ఆన్ ఆలస్యం, ఆఫ్ ఆలస్యం, డెడ్ టైమ్ మళ్లీ కొలవండి. లోపల సగం దెబ్బతిన్న చిప్‌లో చాలాసార్లు వీసీసీ కరెంటు పెరిగి కనిపిస్తుంది, పని మాత్రం మామూలుగానే చేస్తుంది. మాస్‌ఫెట్‌లని బోర్డు నుంచి తీసి గేటుకీ సోర్స్‌కీ మధ్య మెగాఓమ్‌లలో కొలవండి. మల్టీమీటర్ ఏదైనా అంకె చూపిస్తే, అది ఎంత పెద్దదైనా, గేటు ఆక్సైడ్ చెడిందని లెక్క. ఆ మాస్‌ఫెట్‌ని తర్వాతి జతకి వాడకండి. వాడితే వచ్చే ఫలితం ఏ షార్ట్‌దో ఎవరూ చెప్పలేరు.